రెండూ ఒకటే

1962, జువ్వలదిన్నె రేవు. దేశం కాని దేశం నుంచి వచ్చిన దొర కారు దగ్గర ఆగాడు. ఆయన ప్రశ్నలను తెలుగు చేసి అడిగే బడిపంతులు పేరు సమాధానం! గీతలు గీసిన అట్టలతో పంతులు, పడవ చుక్కాని పట్టే ముత్యాలయ్య గుడిసె ముందు కూర్చున్నాడు గానీ, ముత్యాలయ్య భార్య మాలకొండమ్మ ఆయన్ని అడగనిస్తేనా!

"అదంతా సరే అయ్యోరా, ఈయన కన్ను బాగుందని హజరత్తయ్యకు ఒక్క మాట చెప్తారా, చెప్పరా? పోయిన వారం ఈయన పడవ ఇసకెక్కించినాడని, ఇంక తన పడవెక్కనియ్యనంటుండాడు."

"ఇది కంటి పరీక్ష కాదు మాలకొండమ్మా. మనసు కొలత."

"కొలతో కలతో! చూసేది కంటితోనే గదా?"

"కొత్త చదువమ్మా ఇది. ఏ దేశమోళ్ళ మనసు ఎట్టా పోతుందో పక్కపక్కన పెట్టి చూస్తారు. మూలలున్న ఇళ్ళలో పెరిగినోళ్ళకి ఈ గీతల్లో ఒకటి పొడుగ్గా కనిపిస్తుందంట. మీది చుట్టిల్లు, మూలలు లేవు గదా?"

"మూలల్లేవు, మూలుగులుండాయి. మా అత్తదొకటి, నాదొకటి."

"నువ్వూరుకో మాలకొండా. అడగండి అయ్యోరా."

"ఇదో ముత్యాలయ్యా, పైనొక గీత, కిందొక గీత. కొసల్లో ఈకల మాదిరి చిన్న గీతలు చూడబాక. ఏది పొడుగు?"

"నాకు రెండూ ఒకటే."

"ఈ అట్ట?"

"రెండూ ఒకటే."

"ఇది?"

"ఏదైనా రెండూ ఒకటేనయ్యా నాకు."

"ఓరి నీ! బద్ద పెట్టి కొలిచినా అంతే! దొర మోసపోయినాడు, నేను మోసపోయినా, నువ్వొక్కడివే... హజరత్తయ్యా! ఓ హజరత్తయ్యా! ఇట్టాంటి కన్ను లోకంలో లేదయ్యా!"

"ఏమన్నాడయ్యోరా, ఏమన్నాడు?"

"పడవ కాణ్ణించే కేకేసినాడు, రేపు చుక్కాని ఈయన చేతికేనంట! పడవలో అందరి పానాలూ నీ కంటిమీదే ముత్యాలయ్యా!"

"అమ్మయ్య. ఇంక లెయ్యండి, దొర కాసుకోనుండాడు."

"ఒక్కటే మిగిలింది. ఇది చూడు."

"రెండూ ఒకటే."

"...ఏందీ?"

"రెండూ ఒకటే అన్నా గదయ్యా."

"ముత్యాలయ్యా. అట్ట తిరగేసి పట్టుకున్నా నేను. ఇటు గీతల్లేవు. ఉత్త తెలుపు."

"అంటే... ఎండ గదా, కళ్ళు చెదిరి..."

"ఎండా? మబ్బు కమ్మి ఉంటే ఎండా? ఇదో, నా చెయ్యి పట్టుకో. అటు కాదు. ఇటు... ఇటయ్యా!"

"ఆయన్నడగబాక, నన్నడుగు. పోయిన వానలకాడి నించి అన్నం ముద్ద నేనే చేతికిస్తుండా."

"ఇంత దాచిపెట్టి పడవెక్కిస్తావా తల్లీ? ఎక్కినోళ్ళంతా ఏమైపోవాల? నేను చెప్పకుండా ఎట్టా పొయ్యేది?"

"చెప్పండి అయ్యోరా. తప్పేముంది. ముసిలోణ్ణి, నన్నొక మూలన కూచోమంటారు, అంతే గదా."

"అంతేనా! అయ్యా, నీ పేరే సమాధానం, నువ్వే చెప్పు. మూలే లేని ఇంట్లో ఈయన్ని ఏ మూలన కూచోబెట్టేది?"