సలోమి సాక్ష్యం

రాజోలు దగ్గర ఒక పల్లె. ఏళ్ళ తరబడి కువైట్‌లో ఇంటిపని చేసిన సలోమి తిరిగొచ్చి ఇంకా వారం కాలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ. కన్నకూతురు హేమ ఎంత పిలిచినా ఆమె పళ్ళెం ముందు కూర్చోవడం లేదు.

“మళ్ళీ లేచేవేంటమ్మా?”

“బెల్లు మోగింది.”

“మనింటికి బెల్లెక్కడిదీ?”

“ఆయ్... లేదు కదా. పక్కింట్లో అయ్యుంటుంది.”

“పక్కింటికీ లేదు. కూర్చో. అక్కడ కాదు, ఈ కుర్చీలో.”

“నాకిక్కడ బానే ఉందే. నువ్వు తినెయ్. తర్వాత నేను తింటాను.”

“వచ్చిందగ్గర్నుంచీ ఇదే వరస. అందరం తిన్నాక ఆ వంటింటి గుమ్మంలో కూర్చుని చల్లారిపోయిన అన్నం తింటావు. నిన్న సూరయ్య తాతయ్య వస్తే గోడకి అంటుకుపోయి నిలబడ్డావు. ఆయన వెళ్ళేదాకా తలెత్తలేదు. మీ అమ్మకి ఒంట్లో బాలేదా అనడిగేరు నన్ను.”

“ఏం చెప్పేవు?”

“ప్రయాణం అలసటని చెప్పేను. పొద్దున్న కాలవగట్టు దాకా వెళ్ళిరానా అని నన్ను అడిగేవు. నేను నీ కూతుర్నమ్మా!”

“అలవాటే. అదే పోతుంది. పనసపొట్టు కూర ఇంకాస్త వేసుకో.”

“మాట మార్చకు. సాయంత్రం కూడికకి ఏ చీర కడుతున్నావు?”

“ఏదో ఒకటి. పాటలు పాడతారు, పాస్టర్ గారు ప్రార్థన చేస్తారు, వచ్చినవాళ్ళకి భోజనం పెడతాం. అంతే కదా.”

“మరి సాక్ష్యం?”

“నేను చెప్పను.”

“అదేంటి? పై దేశం నుంచి క్షేమంగా వచ్చినవాళ్ళందరూ చెప్తారు. దేవుడు చేసిన మేలు నలుగురిలో చెప్పుకోకపోతే అది కృతజ్ఞతా కూడిక ఎలా అవుద్ది? నాన్న ఊరంతా పిలిచేరు.”

“ఉండు. పెరట్లో ఎవరో మగమనిషి...”

“నాన్నే. షామియానా వాళ్ళకి చోటు చూపిస్తున్నారు. గ్లాసు వదిలేసేవు చూడు!”

“చెయ్యి జారింది. గుడ్డ ఇలా ఇవ్వు, తుడుస్తాను.”

“నేను తుడుస్తాన్లే. ఫోన్‌లో మాకు చెప్పినవే చెప్పమ్మా. మేడం సొంత చెల్లెల్లా చూసుకునేదని, పండక్కి కొత్త బట్టలు కొనేదని...”

“ఫోన్‌లో మాటలు వేరే.”

“వేరే అంటే?”

“ఏం లేదు. అక్కడున్నోళ్ళందరం ఇంటికి ఫోన్ చేస్తే అలాగే చెప్తాం. మైకు పట్టుకుని దేవుడి పేరు మీద చెప్పాలంటే నా వల్ల కాదు. వదిలెయ్ హేమా, నీకు దణ్ణం పెడతాను.”

“నువ్వు చెప్పకపోతే నాకు ఇబ్బంది.”

“నీకేంటే?”

“నీ సాక్ష్యం అవ్వగానే పాస్టర్ గారు నాకోసం కూడా ప్రార్థన చేస్తానన్నారు. నా ప్రయాణం కోసం.”

“ఏ ప్రయాణం?”

“సాయంత్రం అందరి ముందూ చెప్పి నిన్ను సంతోషపెడదామనుకున్నాను...”

“ఏ ప్రయాణమే?”

“నువ్వింకా అక్కడుండగానే, పోయిన నెల్లో మీ మేడం ఫోన్ చేసేరు. నాకొచ్చిన ఇంగ్లీషులో మాట్లాడేను. నువ్వు మానేస్తున్నావు కదా, వాళ్ళమ్మగార్ని చూసుకోడానికి నమ్మకమైన మనిషి కావాలన్నారు. నేనొస్తానన్నాను. వీసా కూడా వచ్చేసింది.”

“ఆ ఇంటికా?”

“ఆ ఇంటికేనమ్మా. డిగ్రీ చేసి ఖాళీగా కూర్చున్నాను. ఇన్నాళ్ళూ నువ్వు పడ్డావు, ఇంక నేను చూసుకుంటాను. ముక్కూమొహం తెలీని ఇల్లయితే భయపడాలి గానీ, నువ్వు ఇన్నేళ్ళున్న ఇల్లే కదా!”

“నాన్నకి తెలుసా?”

“తెలుసు. మొదట ఒప్పుకోలేదు. నువ్వు అంత మంచిగా చెప్పేదానివి కదా, అవన్నీ గుర్తు చేస్తే సరేనన్నారు. ఇంకోటి తెలుసా? నువ్వున్న గదే నాకిస్తారంట.”

“ఆ గదే?”

“ఊఁ. నీ గదే.”

“పాస్టర్ గారికి ఫోన్ చెయ్యి హేమా. సాక్ష్యం చెప్తానని చెప్పు.”

“హమ్మయ్య! ఏం చెప్తావమ్మా?”

“ఆ గదికి లోపల గడియ లేదని.”