తొర్రలో పిల్లచిలక లేదు

"తొర్ర ఖాళీ బాబాయ్! పిల్లచిలక లేదు. పావుగంటలో నా బడిపిల్లలు దాన్ని చూడ్డానికి వచ్చేస్తారు!"

సెయింట్ విన్సెంట్ దీవి అడవిలో చెట్టెక్కిన టీచరమ్మ అరిచింది. కింద ఆమె బాబాయి, అడవి కాపలాదారు, తల వంచుకున్నాడు.

"వాళ్లకి ఇంకో చెట్టు చూపిద్దాంలే, తల్లీ."

"తెల్లతల, నీలిరెక్కల మన దీవి చిలకని దొంగ ఎత్తుకుపోతే ఊరుకోనా? తల్లిపక్షి కూడా అంటుకుని దొరకాలని కొమ్మకి జిగురు పూశాడు."

"చెట్టు బంక కారిందేమో."

"సీమపనస చెట్టు పాలు కాచి చేసిన జిగురిది, వేటగాళ్ల పని. ఇప్పుడెవరు కాస్తున్నారు?"

"పాత వేటగాళ్లం ఇద్దరమే మిగిలాం. నేను మానేసి ఈ యూనిఫాం వేసుకున్నా."

"మరి రెండోవాడు?"

"నన్నడుగుతావేంటే? ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

"ఇంట్లో కాదు, పోలీసులతోనే. పిల్ల బతికుండగా దొరకాలి."

ఆమె చెట్టు దిగి, అతని నడుముకున్న వాకీటాకీ లాక్కుంది.

"హలో, దొంగ పేరు రాసుకోండి. ఎల్ఫర్డ్ బాలంటైన్. అవును, మా నాన్నే."