సంజీవయ్య విన్న గుండె

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన మరుసటేడు సంగతి. ఆళ్లగడ్డలో బస్సులు ఆగే చోట టీ అంగడి బల్ల మీద సంజీవయ్య కూర్చున్నాడంటే చుట్టూ నలుగురు చేరినట్టే. నంద్యాలలో కృష్ణస్వామి అనే గుండె డాక్టరు దగ్గర తలుపులు తీయడం, బల్లలు తుడవడం ఆయన పని. సొంతూరికి వచ్చి ఆ బల్ల ఎక్కితే మాత్రం డాక్టరే ఆయన కింద కొలువు చేస్తున్నట్టుండేది.

ఆ పొద్దున మంచు కమ్మి ఎదురుగా రోడ్డు కూడా కనబడటం లేదు. శేషయ్య అనే రైతు తన కోడలి సంగతి ఎత్తినాడు. ఆ పిల్లకు చలి తగిలితే వేళ్లు తెల్లబడి, ఆనక నీలమైపోతున్నాయట. చర్మం బిగుసుకుపోతోంది, నాలుగడుగులు వేస్తే ఆయాసం. నంద్యాలకు పోయి గుండె చూపించమని ఊరి డాక్టరు చెప్పినాడు. తోలు జబ్బుకు గుండె చూసేదేందని శేషయ్య తటపటాయిస్తున్నాడు.

"ఆ జబ్బు నాకు తెల్సులే శేషన్నా," అన్నాడు సంజీవయ్య. "మొన్న ఎండాకాలంలో ఒకాయమ్మ వచ్చింది. గుండె రాసే మిషను పెట్టి డాక్టరు చూస్తాంటే, ఆయమ్మ చెయ్యి పట్టుకోనుండేది నేనే."

అంతవరకూ నిజమే. ఆ చెయ్యి ఆయనకు ఇంకా గుర్తుంది. మండుటెండల్లో కూడా చల్లగా, ఒక్క ముడత లేకుండా, చెక్కినట్టు గట్టిగా ఉండింది. తల్చుకుంటే ఇప్పటికీ వెన్నులో జలదరిస్తుంది. ఆ జలదరింపు పోవాలంటే కథ పెంచడమొక్కటే ఆయనకు తెలిసిన దారి.

"డాక్టరు రొమ్ముకు గొట్టం ఆనించినాడు. ఏమీ ఇనపడలా. నువ్వు చూడు సంజీవయ్యా అన్నాడు. నేను ఉత్త చెవి పెట్టినా. ఏం ఇనిపించిందో తెల్సా? లోపలినుంచి ఎవురో తలుపు కొడతాండారు. నిదానంగా. తెరవమని."

ఎవరో దుప్పటి బిగించుకున్నారు. అంగడాయన కుంపటి విసరడం మానేసినాడు.

"మిషను ముల్లు కాయితం మీద గీతలు గీస్తాంది. ముందు గట్లు, ఆనక కొండలు, ఆనక నల్లమల మొత్తం. కాయితం అయిపోల్యా! గడప దాటి, అరుగు దిగి, బజార్లో పడి పోతాంది. నేనే కరెంటు తీగ పెరికినా. ఐనా ముల్లు ఆగితే గదా."

"తీగ పెరికినాక కూడానా?" అన్నాడు శేషయ్య.

"నా కండ్లారా చూసినా. ఆ తర్వాత ఏమైందో తెల్సా? ఆయమ్మ సచ్చిపాయ. గుండె మాత్రం ఆడతానే ఉండాది. మనిషంతా రాయైపోయింది, పాడె మోసేదానికి పన్నెండు మంది చాలల్యా. పూడ్చిపెడితే మట్టి కిందనుంచి అదే తలుపు చప్పుడు. నంద్యాలలో ఎవురి నాడి పట్టుకున్యా అదే తాళం. పసిబిడ్డలకూ అదే, గొడ్లకూ అదే. డాక్టరు మంచం పట్టినాడు. ఇంగ నేనే పోయి, మోకాటి లోతు తవ్వి, మట్టిలోకి చెయ్యి పెట్టి ఆ గుండెను పట్టుకోని..."

ఈ మాటల మధ్యనే మంచులోంచి ఎడ్లబండి ఒకటి వచ్చి ఆగింది. దుప్పటి కప్పుకున్న ఒకామె దిగి, వెనక చూరు కింద నిలబడింది. ఎవరూ తిరిగి చూడలేదు.

శేషయ్య లేచినాడు. కోడలిని ఎక్కడికీ తీసుకుపోనని, ఉన్నన్నాళ్లు ఇంట్లోనే ఉంటుందని గొణిగినాడు.

అప్పుడు వెనకనుంచి మాట వచ్చింది.

"అప్పా, నన్ను యాడ పూడ్చినారు?"

అందరూ తిరిగినారు. ఆమె మొహం నున్నగా, బిగుతుగా ఉంది. నోరు సగమే తెరుచుకుంటోంది. తాను పూడ్చిన మనిషే మట్టి దులుపుకొని వచ్చిందని సంజీవయ్య ఒక్క క్షణం నిజంగానే నమ్మినాడు.

"రుద్రవరం రామేశ్వరమ్మను. నేను రాయి కాలేదు, సావనూ లేదు," అందామె. తర్వాత శేషయ్య వైపు తిరిగి నిదానంగా చెప్పింది. ఆ కాయితంలో కొండలు పడిన మాట నిజమేనట. అవి తన గుండెవి కావు. చెయ్యి పట్టుకున్న ఈయన గడగడ వణుకుతుంటే ఆ వణుకంతా మిషనుకెక్కింది. డాక్టరు ఈయన్ను బయటికి పంపి, మళ్లీ మొదట్నుంచి తీసినాడు.

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. శేషయ్య నవ్వలేదు. "నొప్పి పుడతాదామ్మా?" అని అడిగినాడు.

"లేదన్నా. చేతులకూ కాళ్లకూ జిగట మందు పూసి పట్టీలు కడతారు. చల్లగా ఉంటాది, అంతే. తోలు బిగుసుకున్నట్టు లోపల గుండె బిగుసుకుంటాందేమో కనిపెట్టల్ల గదా. నాకు గుండె చుట్టూ నీరు చేరిందన్యాడు. ఉప్పు మానిపిచ్చినాడు. ఈపొద్దు మళ్లా చూస్తాడు."

"భయం లేదా?"

"ఉండాది. ఇంట్లో కూచుంటే పోతాదా అది? నీ కోడల్ని పిల్చకరా. నా పక్కన కూచ్చుంటాది."

దూరంగా హారన్ మోగింది. శేషయ్య ఇంటివైపు పరుగెత్తినాడు. బస్సు వచ్చి జనాన్ని ఎక్కించుకుంది. డ్రైవరు కదిలించబోతే సంజీవయ్య పోయి ముందర అడ్డంగా నిలబడినాడు. కండక్టరు తిట్టినాడు, డ్రైవరు బండిని రయ్యిమనిపించినాడు. సంజీవయ్య రెండు చేతులూ బస్సు ముందరి వేడి రేకు మీద ఆనించి, తల వంచుకొని అట్లే నిలబడినాడు.

కొంతసేపటికి మంచులో రెండు ఆకారాలు కనబడినాయి. ఆ పిల్ల రెండడుగులకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటూ వస్తోంది. మెట్టు ఎక్కలేక నిలబడితే, లోపల్నుంచి రామేశ్వరమ్మ వంగని తన వేళ్లు అట్లే చాపి, "నిదానంగా రామ్మా," అంది.