వజ్రమ్మ మిస్త్రీ మూత

ఈ డబ్బీనా? ఫొటో రీలు డబ్బీ బిడ్డా. మీ కాలంల రీలు ఏడిది, అంత ఫోన్లనేనాయె. అడుగుకు బొక్క ఉన్నదని మొన్న మీ అమ్మ చెత్తల పారేస్తే నేనే మళ్ల ఏరుకొచ్చుకున్న. బొక్కకు పట్టీ అతికిచ్చిన, నా మందుగోళీలు కిందపడవు. ఆ బొక్క నేను చెయ్యలే సీమా, మా వజ్రక్క చేసింది. నువ్వు పుట్టకముందే పోయింది, నాకంటె నాలుగేండ్లు పెద్ద. ఫోన్ పక్కకు పెట్టు, చెప్త. అప్పుడు మేము బొంబాయిల ఉంటుంటిమి.

అక్క నాగ్‌పాడాల ఒక కారఖానాల మోటర్లు చుట్టేది. అంటె, కాలిపోయిన మోటర్ల పాత రాగితీగ పీకి కొత్తది చుట్టుడు. తొమ్మిదిమంది మొగోళ్లు, నడుమ ఈమె ఒక్కతి. మొదాలు ఊడ్చెతందుకే పెట్టుకున్నరు, ఊడ్చుకుంటనే చూసి నేర్చుకున్నది. మొగోళ్లు పాటలు పాడుకుంట చుట్ల లెక్క తప్పేటోళ్లు, అక్క తప్పకపోతుండె. అయినా శేఠ్ వాళ్లనేమో మిస్త్రీ అనేటోడు, ఈమెను పనిమనిషి లెక్క బాయి అనేటోడు. ఏడేండ్లు బాయినే. ఇగ ఒకనాడు ఫాక్‌లాండ్ రోడ్ల పిండిగిర్ని శంకర్రావు మీదికొచ్చిండు. ఆయన ముక్కుతోని మాట్లాడుతుండె, "శేఠ్, నువ్వు చుట్టిచ్చిన మోటర్ తిరుగుతలేదు, తూగుతున్నది, పిండి అడిగితే రవ్వ పడుతున్నది" అని. చుట్టింది ఎవరు? అక్క. శేఠ్ అందరి ముందట, "ఆడమనిషి చేతికిస్తే గింతే. సోమవారం సంది బాయి మళ్ల చీపురు పట్టుకుంటది" అన్నడు. అక్క ఊకుంటదా? "నేను చుట్టిన మోటర్ నిమిషానికి పద్నాలుగు వందల నలభై తిరుగుతది" అన్నది. "ఎట్ల లెక్కపెడ్తవు, ఏలు పెట్టా?" అన్నడు శేఠ్. నవ్వులే నవ్వులు. "శనివారం దాక ఆగు, మీటర్ చేసి తెస్త" అన్నది.

గ్రాంట్ రోడ్ ఫుట్‌పాత్ మీద కొన్న హిందీ రేడియో పుస్తకం ఒకటుండె ఆమెకు, అట్టలు గూడ లేవు దానికి. సబ్బుడబ్బాల పార్టులన్ని అతికిచ్చింది. ముందట చిన్న టార్చిబల్బు, పక్కన ఎలుగును చూసే కన్ను, పైన ముల్లు. తిరిగే దాని మీద తెల్లగీత గియ్యాలె. గీత ఎదురొచ్చినప్పుడల్ల ఎలుగు ఎనక్కి కొడ్తది, కన్ను లెక్కపెడ్తది, ముల్లు చెప్తది. సమఝైందా? మాకు గాలే. బుధవారం నాడు మా ఖోలీ అర్రల టేబుల్ ఫ్యాన్‌కు పెట్టింది. ఆరువేలు. ఫ్యాన్ బంద్ చేసింది. ఆరువేలు. గోడకు పెట్టింది, గోడ గూడ ఆరువేలే తిరుగుతున్నదట. మా అమ్మ బాలమ్మ మూలకు కూసోని ఉల్లిగడ్డ కోస్తుంటె ఆమెకు పెట్టింది. ఆరువేలు. అమ్మ అన్నది, "నేనెక్కడ తిరిగిన్నే, పొద్దట్నుంచి ఈడనే సచ్చినట్టు కూసున్న." నేను నవ్వి నవ్వి మంచం మీదికెళ్లి కిందపడ్డ. అక్క నవ్వలే. సెల్లు మార్చింది, కన్ను మార్చింది, అన్ని అతుకులు ఇప్పి మళ్ల అతికిచ్చింది. బేస్తవారం గూడ ఆరువేలే. కండ్లు ఎర్రగైనయి ఆమెకు. "ఆరే ఎందుకురా పోచీ? ఐదు గాదు, ఏడు గాదు. చెడిపోయిందయితె తీరు తీరుగ చెప్పాలె గద" అనుకుంట నా సుట్టు తిరిగింది. నేనన్న, "చీపురు దులిపి పెట్టనా?" సబ్బుడబ్బా మూత ఇసిరి కొట్టింది, గిదో ఈడ తాకింది.

శుక్రవారం మిట్టమధ్యాహ్నం, అక్క పనికి పోలే. పక్క ఖోలీ లక్ష్మమ్మ ఇస్త్రీ పెట్టిందో లేదో, ఫ్యూజ్ పటక్‌మన్నది. మాలెమాలె, అంటె అంతస్తు అంతస్తంత చీకటి. మా చాళ్ల, అదే గీ ఖోలీల బిల్డింగుల, పట్టపగలు గూడ చీకటే గద, ట్యూబులైటు ఎప్పుడు ఎలుగుతనే ఉండె. దాన్ని లైటని ఎవ్వరనుకుంటరు, గోడ లెక్క అది గూడ ఇల్లే. నేను గ్యాలరీలకు పోయి ఫ్యూజ్ కట్టుడు సురువు చేసిన. లోపల్నుంచి అక్క ఒర్రుడు, "పోచీ, పెట్టకు, ముట్టకు" అని. పోయి చూస్తె టార్చిబల్బు ఎలుగుతనే ఉన్నది, ముల్లు మాత్రం సున్న మీద పండుకున్నది. "ఇప్పుడు పెట్టు" అన్నది. పెట్టిన. ఆరువేలు. "తియ్యి." సున్న. పెట్టు, తియ్యి, పెట్టు, తియ్యి. మాలె మీద ఆడోళ్లందరు నన్ను తిట్టుడు, "వీనికి పిచ్చిలేసింది, వీని చేతులిరగ" అని. లోపల అక్క అమ్మను పట్టుకొని గిరగిర తిప్పుతున్నది. ఆయాల అమ్మ గూడ నిజంగనే తిరిగింది. "ఒరే, కరెంటు సెకండుకు యాభైసార్లు ఊగుతది, ట్యూబులైటు దానికి రెండింతలు మినుకుతది, వందసార్లు. నిమిషానికి ఎంత? ఆరువేలు. మీటర్ చెడిపోలే రా, లైటును లెక్కపెడ్తున్నది. ఒక్కటి గూడ తప్పకుంట."

అప్పటికప్పుడు ఫొటో స్టూడియోకురికి గీ డబ్బీ అడుక్కొచ్చింది. అడుగున బొక్క చేసి బల్బుకు, కన్నుకు టోపీ లెక్క తొడిగింది, గదే మూత. బయటి ఎలుగు రాదు, గీత మీదికెళ్లి వచ్చిన ఎలుగే బొక్కలకెళ్లి వస్తది. శనివారం గిర్నిల శేఠ్, శంకర్రావు, సగం గల్లీ. మోటర్‌కు పెట్టింది, పద్నాలుగు వందల నలభై. గిర్ని చక్రానికి పెట్టింది, అండ్ల సగం రావాలె, ఐదువందలే వచ్చింది. "మోటర్ మంచిగనే ఉన్నది శంకర్రావు, నీ బెల్టు పట్టా ఢీలా అయ్యింది, జారుతున్నది" అన్నది. పట్టా బిగిచ్చిండు. ఎగిరింది పిండి, శేఠ్ మీసాలు తెల్లగైనయి.

ఆగు, అయిపోలే. శేఠ్ ఏం చేసిండు? "తీగ నాది, సోల్డరు నాది, మీటర్ గూడ నాదే" అని గుంజుకున్నడు. అక్క ఇచ్చింది. మూత మాత్రం కొంగుకు ముడేసుకున్నది. సోమవారం శేఠ్ గిరాకీలకు చూపెట్టబోయిండు. మోటర్ ఆరువేలు, బంద్ మోటర్ ఆరువేలు, ఛాయ్ గ్లాసు ఆరువేలు. రిపేరుకు పంపిండు, రిపేరు దుకాన్ల గూడ ట్యూబులైటేనాయె. మూడోనాడు అక్క దగ్గరికొచ్చి, "బాయి, ఏమైంది దీనికి?" అన్నడు. అక్క తీగ చుట్టుకుంటనే ఉన్నది, తలెత్తలే. "బాయి." ఊహూ. అందరు చేతులాపి చూస్తున్నరు. శేఠ్ గొంతు సవరిచ్చుకొని, "వజ్రమ్మ మిస్త్రీ" అన్నడు. అప్పుడు కొంగు ముడి ఇప్పింది.

ఇరువై రెండేండ్లు బిడ్డా. పొద్దున మూత తొడుగుడు, పొద్దుమీకి మూత తీసుకొని ఇంటికొచ్చుడు. ఆఖరికి దవాఖానల గూడ దిండు కింద పెట్టుకున్నది. నర్సు బాయి అని పిలిస్తె పలక... పలకకపోతుండె. నేను చెవుల మిస్త్రీ అంటె...

నీళ్లియ్యి బిడ్డా. గోళీ ఏసుకోవాలె.