వచ్చే మోడల్ దాకా

హలో… ఆ, నేనే బావా. వచ్చేశాను. బండ్ల ముందే నిలబడి ఉన్నాను.

… ఆ, రెండూ ఒకే షెడ్డులో ఉన్నాయి. పక్కపక్కనే పెట్టాడు. ఒకే జపాన్ కంపెనీ, ఒకే పేరు, మధ్యలో రెండు తరాల తేడా. తాతా మనవడూ ఫొటోకి నిలబడ్డట్టున్నారు.

… షెడ్డాయన లేడు. తాళాలు నా చేతిలో పెట్టి టీ తాగొస్తానని పోయాడు. ముందు కాసేపు వాయించాడులే, ఇలాంటి బండి భూమ్మీద మళ్లీ పుట్టదని. కాకిపిల్ల కాకికి ముద్దు. నేను మెకానిక్‌నని చెప్పాక స్వరం తగ్గించాడు.

… చెబుతున్నాను కదా, ఆగు. ముందు పాతదే చూశాను. నువ్వు దాని గురించే అడుగుతావని నాకు తెలీదా? బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. అంటే నేను వచ్చేముందు వేడి చేసి ఉంచలేదు. రాత్రంతా పడుకున్న ఇంజన్ని మొదటిసారి లేపినప్పుడే దాని అసలు గుణం తెలిసేది. మా అక్కయ్య లాగే.

… చెప్పెయ్, నాకేం భయం. నీకు పెళ్లాం కాకముందే నాకు అక్క అది.

… రంగా? అదే, పాలపిట్ట రంగు. ఎండకి కాస్త వెలిసింది. అయస్కాంతానికి గుడ్డ చుట్టి చుట్టూ పెట్టుకుంటూ వచ్చాను. ఎక్కడా జారలేదు. రంగు కింద అంతా రేకే, పుట్టీ లేదు. గుద్దుకున్న బండి కాదు.

… బానెట్‌లోంచి లైట్లు పైకి లేస్తున్నాయి. రెండూ. ఎడమ కన్ను మాత్రం కాస్త ఆలస్యంగా తెరుస్తోంది. నీ ఎడమ కాలు లాగా అనబోయి… అనేశానుగా. నవ్వు, నవ్వు. నీ కాలి మీద జోకులేసే హక్కు నీ ఒక్కడికేనా?

… హలో? ఏమిటా చప్పుడు? … ఫోన్ జారిందా? ఇందాక ఫోన్ చేసినప్పుడూ ఇంతే. చేతికి నూనె రాసుకున్నావా ఏం? స్పీకర్లో పెట్టి ఒళ్లో పెట్టుకో.

… ఏంటి? డ్రైవర్ సీటు కిందా? ఎందుకు? … సరే, చూస్తాను. మోకాళ్ల మీద కూర్చోవాలి, నాకూ యాభై దాటాయని గుర్తు పెట్టుకో… ఆ. చెయ్యి పెట్టాను. అంచు వెంబడి రమ్మంటావా… కుట్టు బాగానే ఉంది. చిట్టచివర… ముడి తగులుతోంది. టార్చ్ వేస్తాను, ఉండు. ఎర్ర దారం. మూడు వరసల ముడి.

బావా. ఇది నీ ముడి.

… డ్రాయింగ్ మాస్టారి బండా? ఆ బండేనా ఇది! నీ షాపు ముందు నాలుగు రోజులు పెట్టుకుని, సీట్లు కుట్టడం అయిపోయినా అవ్వలేదని మాస్టారికి అబద్ధాలు చెప్పి, అన్నం కూడా అందులోనే కూర్చుని తిన్నావు. పద్నాలుగేళ్లయింది. నంబరు ప్లేటు మారేసరికి నేను పోల్చుకోలేదు. నువ్వెలా… ప్రకటనలో ఫొటో చూసి? బండిని కాదు, సీటుని చూసి పట్టావా? ముప్పై ఏళ్లు ఊళ్లోవాళ్ల కార్లకి సీట్లు కుట్టినవాడివి, నీకు అదే కనబడుతుంది.

మరి నాకు ముందే ఎందుకు చెప్పలేదు?

… నా తీర్పు చెడుతుందనా? బండి దగ్గర నా తీర్పు చెడదు. ఇన్నేళ్లలో బండి గురించి ఒక్క అబద్ధం ఆడలేదు నేను. మా చిన్నాన్నకే మొహం మీద చెప్పాను, నీ కారు పాత ఇనుముకి తప్ప పనికిరాదని. రెండేళ్లు మాట్లాడలేదు ఆయన. అయినా మాట మార్చలేదు.

… అదంతా ఎందుకు తవ్వుతావు ఇప్పుడు?

… అవును. నేనే అన్నాను. మాస్టారు నీకే ఇస్తానన్న రోజున, ఆగు బావా, కొత్త మోడల్ వస్తోంది, దీన్ని తలదన్నేట్టు ఉంటుందట అన్నది నేనే. అది వచ్చాక, మొదటి ఏడాది బండ్లు కొనకూడదు, లోపాలు బయటపడనీ అన్నదీ నేనే. ఆ లోపాలు సరిచేశాక, ఇంకో మోడల్ వస్తోందట అన్నదీ… నేనే. నిదానమే ప్రధానమని నీకు నూరిపోశాను. ఆలస్యం అమృతం విషం అని కూడా మనవాళ్లే అన్నారు, అది మాత్రం నోటికి రాలేదు. నువ్వైనా నన్ను తిట్టాల్సింది.

… తిట్టవు. ఇన్నేళ్లలో ఒక్క మాటనలేదు. నాకు ఒళ్లుమంట అదే.

… సరేలే. ఇప్పుడు నా మాట విను. మనసులో ఏముందో నాకు తెలుసు, కానీ కొత్తది తీసుకుందాం. … పూర్తిగా వినవయ్యా. పాతదాని క్లచ్ తొక్కి చూశాను. రాయిలా ఉంది. నా కాలికే కష్టంగా ఉంది. ఈ జబ్బుతో నీ ఎడమ కాలు ఇంకో మూడు నెలలే కదులుతుందని డాక్టరే అన్నాడు కదా. మూడు నెలల తర్వాత ఆ బండిని ఏం చేస్తావు, దండేసి పెట్టుకుంటావా?

కొత్తదానికి అసలు క్లచ్చే లేదు. స్టీరింగ్ వెనక రెండు రెక్కలున్నాయి, వేళ్లతో నొక్కితే గేర్లు మారతాయి. బ్రేకుకీ యాక్సిలరేటరుకీ చేతి మీట నేను పెడతాను. స్టీరింగ్ కింద చోటు కొలిచి చూశాను, బోలెడుంది. వారం రోజుల పని. ముందుకి తోస్తే బ్రేకు, కిందికి లాగితే పరుగు. నీ కాళ్లు రెండూ హాయిగా పడుకోవచ్చు. చేతులుంటే చాలు. నీ చేతులకేం బావా, ఇనప చువ్వలు…

… దానికి ప్రాణం లేదంటావు. ఉండదు. నిజమే. తలుపు వేస్తే ఫ్రిజ్ తలుపులా పడుతోంది. ఇంజన్ చప్పుడు కూడా స్పీకర్లో నుంచి వస్తుందట, చెప్పుకుంటే సిగ్గు. కొత్తొక వింత పాతొక రోత అంటారు, నీకు అంతా తిరగేసి. అయినా నడపడం కావాలా, మురిసిపోవడం కావాలా?

… నడపాలి. నాకు తెలుసు. ఒక్కసారైనా నీ చేత్తో, నీ బండి. ఎవరో దిగి తాళాలిచ్చి, కుట్టాక మళ్లీ ఎక్కి వెళ్లిపోయే బండి కాదు. అందుకేగా పొద్దున్నే నా షెడ్డు మూసి ఇంతదూరం వచ్చాను.

… అక్క పిలుస్తోందా? ఇవ్వు, మాట్లాడతాను.

ఆ, అక్కా. చెప్పు. … ఎందుకు గుసగుస? … వంటింట్లోకి వెళ్లు. వెళ్లావా? చెప్పు.

… రిపోర్టు ఈ రోజా? నువ్వొక్కదానివే వెళ్లావా? నాకు చెబితే నేను రానా?

… చేతులు పడిపోతాయా?

… కాలి తర్వాత కదా అన్నారు. … ముందే? కాలికన్నా చేతులే ముందా? సరిగ్గా విన్నావా అక్కా? … రెండుసార్లు అడిగావు. … ఎన్నాళ్లు? … వారాలా. నెలలు కూడా కాదు.

… ఫోన్ జారింది ఇందాక. నేను నూనె రాసుకున్నావా అన్నాను. … ఏడవకు. నీళ్ల పంపు తిప్పు, లేకపోతే ఆయనకి వినబడుతుంది.

… ఆయనకి తెలీదు కదా? … సరే.

… ఏం చెప్పాలి? … రెండు బండ్లూ బాగాలేవనా? అక్కా, నేను బండి గురించి… నాకు చేతకాదు. నా నోట్లో నువ్వుగింజ నానదని నువ్వే అంటావుగా. ఇంకేదైనా చెప్పు. కొనుక్కోనీ, నేను పక్కన కూర్చుని…

… కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాడు. … ఆ. రోజూ చూస్తూనే ఉంటాడు. ఎక్కలేడు. … నిజమే. బండి ఇంటి ముందుంటే అదే ఆయన్ని తినేస్తుంది.

… ఏడవకన్నానా. చెబుతాను. ఇవ్వు. మొహం కడుక్కుని ఇవ్వు.

ఆ, బావా. … ఏం లేదు, నా బీపీ మాత్రలు వేసుకున్నానా లేదా అని. దానికి వేరే పనేముంది.

… గొంతా? దుమ్ము బావా. షెడ్డు కదా.

అసలు విషయం. ఇందాక తొందరపడి చెప్పాను. మళ్లీ చూశాను. పాతదాని ఇంజన్ బాగాలేదు. … లోపల బేరింగ్ పోయింది. కొట్టుకుంటోంది. … ఎప్పుడు చూశానంటే… ఇప్పుడే. అక్కతో మాట్లాడుతూనే. … స్టార్ట్ చేస్తే అక్కకి వినబడి ఉండాలి కదా అంటావా? మరి… దూరంగా ఉన్నాను. బయటికి వచ్చి మాట్లాడాను.

… కొత్తదా? అదీ లాభం లేదు. చేతి మీట పట్టదు. … కొలిచాను, కానీ తప్పు కొలిచాను. మీట పెడితే మోకాలికి తగులుతుంది. … మనుషులన్నాక పొరపాటు పడరా? ముప్పై ఏళ్లలో ఒకసారి తప్పు కొలిచానే అనుకో.

… ఇప్పుడెందుకు స్టార్ట్ చెయ్యడం? చెప్పాను కదా పోయిందని. … వినాలంటావా. … బావా, వద్దు. … సరే. సరే. చేస్తున్నాను.

… తిరిగింది. ఫోన్ ఇంజన్ దగ్గర పెడుతున్నాను. విను.

…

…

విన్నావా?

… ఆ, అదే. ఆ కొట్టుకునేది. … నీకు వినబడటం లేదా? … ఫోన్లో సరిగ్గా రాదు. …

… అలా అడక్కు.

… లేదు. ఏ బేరింగూ పోలేదు. నీటి మీద ఆకులా తిరుగుతోంది. ఇంత మంచి ఇంజన్ ఈ మధ్య నేను చూడలేదు. చాలా? అబద్ధం చెప్పాను. బండి గురించి మొదటిసారి చెప్పాను, అదీ నీకు, అదీ చేతకాకుండా.

… ఎందుకంటే… బావా, నన్నడక్కు.

… నీకు తెలుసా?

… ఎప్పట్నుంచి? … సూదిలో దారం ఎక్కలేదా. పదిరోజుల కిందటే. … కత్తెర రెండుసార్లు జారిందా. చూపు మందగించిందని అక్కకి చెప్పావు. చత్వారం అద్దాలు కూడా కొనిపించావు దాని చేత.

మరి నన్నెందుకు పంపించావయ్యా ఇంతదూరం? తెలిసీ ఎందుకు బేరం చెయ్యమన్నావు? కాలు, క్లచ్చు, మీట అని పొద్దున్నుంచీ నా చేత ఎందుకు వాగించావు?

…

… కుట్టు చూడమనా?

… ఊడలేదు బావా. ఒక్క పోగు లేవలేదు. పద్నాలుగేళ్లు ఎంతమంది ఎక్కి దిగారో. బండికి రంగు వెలిసింది, తోలు అరిగింది, నీ కుట్టు మాత్రం అలానే ఉంది. నా వేలు దాని మీదే ఉంది ఇప్పుడు. … అబద్ధం కాదు. ఇది మాత్రం అబద్ధం కాదు.

… ఆ రోజే కొనిపించాల్సింది. ఆగమన్నది నేను. పద్నాలుగేళ్లు నడిపేవాడివి. నాలాంటి బావమరిది పగవాడికి కూడా వద్దు. … ఏడవడం లేదు. దుమ్మన్నాను కదా.

… సరే. అక్కకి చెప్పను. నీకు తెలుసని చెప్పను. అదేమో నీకు చెప్పొద్దంటుంది, నువ్వేమో దానికి చెప్పొద్దంటావు. మధ్యలో నేను, నోట్లో నువ్వుగింజ నాననివాణ్ణి.

… షెడ్డాయనకి ఏం చెప్పమంటావు? టీ తాగి వస్తున్నాడు, గేటు దగ్గరున్నాడు.

… ఏమన్నావు?

… ఏమిటా మాట బావా. వెక్కిరిస్తున్నావా నన్ను? … మరి? … నిజంగానే చెప్పమంటావా అలా?

… సరే. వచ్చే మోడల్ దాకా ఆగుదాం. … ఆ. అది దీన్ని తలదన్నేట్టు ఉంటుంది. … లోపాలు కూడా ఏమీ ఉండవు. … క్లచ్ మెత్తగా ఉంటుంది. … ఉంటుందిలే బావా. ఆగుదాం.

… ఇంజన్ ఆపలేదు. వినాలా? ఇదిగో, ఇక్కడే పెడుతున్నాను.

…

…

ఆ, అక్కా. … ఇచ్చేశాడా ఫోను. … చెప్పాను. రెండూ బాగాలేవని చెప్పాను.

… ఆ, నమ్మాడు. … ఎందుకు నమ్మడు? బండి గురించి నేనెప్పుడైనా అబద్ధం చెప్పానా?

… వచ్చే మోడల్ దాకా ఆగుదాం అన్నాడు. … ఆ, నేనూ సరే అన్నాను.

… ఏది? ఈ చప్పుడా? ఏం లేదు, పాత బండి. ఆపేస్తున్నాను. ఉంటానక్కా.