గాలి చూసుకోకుండా గోడ కడగబోయిన రోజు

ఆ సీసా కింద పెట్టు ముందు. అరుగు మీద కాదురా, అదిగో ఆ మూల, పిల్లలు పోని చోట. ఆ, ఇప్పుడు రా, కూర్చో. ఏందిరా లక్ష్మీకాంతూ, పడమటి గోడ పాచి కడగమంటే ఒక చేత్తో యాసిడ్, ఇంకో చేత్తో బ్లీచింగూ పట్టుకొచ్చావు? రెండూ కలిపితే తొందరగా పోద్దని కొట్టాయన చెప్పాడా? చెబుతాడు, ఆయనదేం పోయింది! అచ్చం ఇట్టాగే తెచ్చాడు మీ తాత కూడా. ఇవాళ ఆయన చేనికి పోయి కూలోళ్ళ మీద అరుస్తన్నాడంటే జక్రయ్య పుణ్యమే. నవ్వమాక, నిజం.

జక్రయ్యంటే నీకు గుర్తుండదులే, అప్పటికి నువ్వు పలక నాకే వయసు. చర్చి వెనక ఇల్లు. ఊళ్ళో సున్నాలన్నీ ఆయనే వేసేవాడు. నిచ్చెనెక్కితే పాట, దిగితే నోరు మూత. ఆయన పెళ్ళాం రెబ్కా మన చేలో మిరపకాయలు కోసేది. ఒక్క తొడిమ ఊడేది కాదు, ఎంత నిదానమో! ఇప్పుడొచ్చేవాళ్ళు కొమ్మలతో సహా పీకుతన్నారు... ఏం చెబుతన్నా? ఆ, గోడ.

తొంభై ఏడులో మీ పిన్ని శ్రీరమ్యకి ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నాం. వానలకి ఆ గోడ నల్లగా, దున్నపోతు వీపు లాగా అయింది. జక్రయ్య వచ్చాడు. ముందు కరెంటు మెయిన్ ఆపించాడు, మీటరు పెట్టెకి ప్లాస్టిక్ పట్టా కట్టాడు. మామూలు నీళ్ళతో గోడంతా కింద నుంచి పైకి తడిపాడు. పైనుంచి పోస్తే చారలు పడతయ్యంట. ఆనక కుంకుడు రసం, కొబ్బరి పీచు. మెల్లగా రుద్దడం, పైనుంచి కడుక్కుంటా రావడం. మీ తాతకి ఒళ్ళు మండింది. "ఏరా జక్రయ్యా, గోడకి తలంటు పోస్తన్నావా? నాలుగు రోజుల్లో చుట్టాలొస్తారు!" అన్నాడు. "సున్నం గోడయ్యా, కరుకుగా రుద్దితే తోలు లేచిపోద్ది" అన్నాడు ఆయన, పాట ఆపి.

మీ తాత వింటాడా? దర్శి టౌనుకి పోయి ఈ రెండు సీసాలే తెచ్చాడు. మిరప చేలో మందు కొట్టే డబ్బా కూడా బయటికి తీశాడు, గోడకి కొడతాడంట! బకెట్లో బ్లీచింగ్ కలిపి యాసిడ్ మూత తీశాడు. నిచ్చెన మీంచి జక్రయ్య "అయ్యా, వద్దు!" అని కేక. "నువ్వా నాకు చెప్పేది?" అని మీ తాత వంచనే వంచాడు. ఒక్క గుక్కెడు పడిందో లేదో, పసుపచ్చ పొగ! గాలి నేరుగా ఆయన మొహం మీదికే. దగ్గు, దగ్గు. కళ్ళు కనపడక అక్కడే గింగిరాలు తిరుగుతన్నాడు.

జక్రయ్య దూకాడు. తుండుగుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకుని, మీ తాతని చొక్కా పట్టుకుని బరబరా ఈడ్చాడు, గాలికి ఎదురుగా, గొడ్లచావిడి దాటిందాకా. ఆ రోజుల్లో కూలీకి వచ్చినాయన ఆసామి చొక్కా పట్టుకోవడమంటే మాటలా! మా మరిది కర్ర తీసుకుని ఉరికాడు, "అయ్య మీదే చెయ్యేస్తావా?" అంటా. "కొడితే ఆనక కొట్టండి, ముందు ఆ పిల్లల్ని ఇటు లాక్కురండి, బకెట్ జోలికి పోమాకండి" అన్నాడే గాని చొక్కా వదల్లా. మీ తాతకి ఊపిరి తిరిగాక అప్పుడన్నాడు, "చేలో మందు కొట్టేటప్పుడు గాలి చూసుకుంటారు గదయ్యా, ఇంటి ముందు గాలి గాలి కాదా?" అని. మా మరిది కర్ర ఎప్పుడు పడేశాడో పడేశాడు. ఆస్పత్రిలో రెండు రోజులున్నాడు మీ తాత. ఇంకాస్త పీల్చి ఉంటే మనిషి దక్కేవాడు కాదన్నారు.

ఫంక్షన్ నాటికి గోడ సగం తెలుపు, సగం నలుపు. ఒక్కరు చూస్తే ఒట్టు! జక్రయ్యని ముందు పంక్తిలో కూర్చోబెట్టా. మీ తాత తనే గారెలు వడ్డించాడు. "చాలయ్యా" అంటాడు ఆయన, ఇంకోటి వేస్తాడు ఈయన. నీ వల్లే బతికానన్న మాట మాత్రం అనలా. నాకేమో లోపల ఒకటే గుబులు, చెప్పకుండానే రోజులు గడిచిపోతాయేమోనని.

మరుసటేడు కామెర్లొచ్చి మంచాన పడ్డాడు జక్రయ్య. ఇద్దరం పోయాం. రెబ్కా విసనకర్రతో విసురుతంది. మీ తాత మంచం పక్కన కింద కూర్చున్నాడు, నేల మీద. "జక్రయ్యా, ఆ రోజు నువ్వు..." అని ఆగిపోయాడు. ఆయనకి అర్థమైంది. మెల్లగా చెయ్యి లేపి, అదే చెయ్యి, మీ తాత చొక్కా అంచు పట్టుకుని ఒక్క మాటన్నాడు. ఆ మాట తర్వాత పోయేదాకా ఇంకేం మాట్లాడలేదంట, రెబ్కానే చెప్పింది. నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"గోడ కడిగేటప్పుడు గాలి ఎటునుంచి వస్తందో చూసుకో అయ్యా."