స్తంభానికి కుర్చీ వెయ్యరు

బుధవారం సాయంత్రం నాలుగుంబావుకి నేను మీ తాత చొక్కా ఇస్త్రీ చేస్తున్నానా, వెర్నెలక్క వచ్చి తలుపు కొట్టింది. ఏ వెర్నెల్ అంటావేంటే జొనెల్? వెర్నెల్ పెటిగ్రూ, మా చర్చి నర్సులకి పెద్ద. ఆసుపత్రి నర్సు కాదే, సూది పట్టుకోవడం కూడా రాదు. తెల్ల గౌను, తెల్ల టోపీ, చేతిలో అట్ట విసనకర్ర. పాట మధ్యలో ఎవరైనా ఏడ్చి పడిపోతే పట్టుకోవడం, విసరడం, ముక్కు తుడవడం. అదీ పని. మేకన్ ఊళ్ళో మా నల్లవాళ్ళ పేటలో ఆడవాళ్ళం సగం మందిమి ఆవిడ భుజమ్మీద ఏడ్చినవాళ్ళమే. నేనైతే ఆవిడవి రెండు గౌన్లకి లిప్‌స్టిక్ అంటించాను.

ఆ ఏడే, అంతకు ముందు, ఆవిడ కొడుకు డెల్బర్ట్ పోయాడు. ఒక్కడే కొడుకు, పందొమ్మిదేళ్ళవాడు, ఇటుకల బట్టీలో గోడ కూలి మీద పడి. అంత్యక్రియలకి అందరం నల్లబట్టల్లో వెళ్ళాం. తల్లి దేంట్లో వచ్చిందో చెప్పు? తెల్ల గౌన్లో! ముందు వరసలో కూర్చోవలసిన మనిషి నడవలో నిలబడి, తన కొడుకు కోసం ఏడుస్తున్న మాకు విసిరింది. నేను సొమ్మసిల్లాను కూడా. ఆ రోజుల్లో బాగా సొమ్మసిల్లేదాన్నిలే, కొత్త టోపీ పెట్టుకున్న రోజైతే మరీనూ. "ఊపిరి పీల్చుకో ఆర్నెటా, నేనున్నాగా" అంది. పోయింది ఆవిడ కొడుకు, ఊపిరాడనిది నాకు! పాస్టరుగారు వేదిక పైనుంచి, "చూడండమ్మా, మన సిస్టర్ వెర్నెల్ ఈ చర్చికి స్తంభం" అన్నాడు. అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నది నేనే. మనిషిని స్తంభం అన్నామంటే ఇక కుర్చీ వెయ్యక్కర్లేదు కదా. మూడు వారాలు తిరక్కుండా ఆవిడింటికే వెళ్ళి మీ తాత తాగుడు గురించి రెండు గంటలు చెప్పుకున్నాను. కాఫీ కూడా ఆవిడే పెట్టింది.

ఆ, ఎక్కడున్నాను... ఇస్త్రీ. తలుపు తీసి, "ఎవరు పోయారక్కా?" అన్నాను. ఆవిడ గుమ్మంలోకొచ్చిందంటే ఎవరో పోయినట్టే మరి. "ఎవరూ పోలేదే. నీ దగ్గర కాసేపు కూర్చోనా? నాకు ఏడవాలనుంది" అంది. మంచినీళ్ళు అడిగినట్టు అంది. నేనేం చేశానో తెలుసా? నవ్వాను. "నీకేంటక్కా, రాయివి! నువ్వే ఏడిస్తే మా గతేం కాను?" అని కేకు ముక్క కోసి చేతిలో పెట్టాను. తింది. బాగుందంది. వెళ్ళిపోయింది. నేను రెండో చొక్కా అందుకున్నా.

అలా చూడకే. నువ్వు శనివారాలు వెళ్ళే ఆ గుంపులో పదిమంది ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని, "నాకూ సాయం కావాలి" అని అద్దంలో చూసి చెప్పుకుంటారటగా? మీ అమ్మ చెప్పిందిలే. మాకు అద్దం ఖాళీ ఉండేది కాదు తల్లీ, టోపీ సర్దుకోడానికే సరిపోయేది. నవ్వు, నవ్వు. కానీ అక్కడికి వెళ్ళడం మానకు.

తర్వాత మంగళవారం ఫోను మోగింది. ముప్పై మైళ్ళ అవతల మిలెడ్జ్‌విల్‌లో ఏదో చిన్న చర్చి నుంచి, ఎవరో పెద్దావిడ. "సిస్టర్ ఆర్నెటాయేనా? మొన్న ఆదివారం వెనక బల్ల మీద కూర్చుని అంత ఏడ్చావు కదమ్మా, మా నర్సులిద్దరూ పట్టుకున్నా ఆగలేదు. కొత్తవాళ్ళ కాగితంలో ఈ నంబరు రాశావు. కాస్త తేలికపడ్డావా? మీ డెల్బర్ట్ కోసం ప్రార్థన చేస్తున్నాం" అంది. నేనా చర్చి గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు. నాకున్నది మీ అమ్మ ఒక్కతే. వెర్నెలక్క తన పేరు రాయలేక నా పేరు రాసింది. ఆర్నెటా ఏడ్చిందంటే ఎవరికీ వింత కాదుగా.

"తేలికపడ్డానమ్మా" అన్నాను. "వచ్చే ఆదివారం కూడా వస్తాను. ఆ వెనక బల్ల మీద కాస్త చోటు ఉంచండి."